పక్షులు తగ్గాయా, మనం వెళ్లిన వేళ మారిందా?

ఏటా జనవరిలో చాలా దేశాల్లో నీటి పక్షుల్ని లెక్కపెడతారు. 1967లో మొదలైన ఈ అంతర్జాతీయ గణనను వెట్‌ల్యాండ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నడిపిస్తుంది. ఆసియాలో ఇది 1987 నుంచి జరుగుతోంది. లెక్కలు బయటికి రాగానే వార్తలు మొదలవుతాయి. ఫలానా చోట పక్షులు సగానికి పడిపోయాయని, ఇంకో చోట రెట్టింపయ్యాయని రాస్తారు. సముద్రపు ఒడ్డున ఉండే చిన్న చిత్తడి నేలల విషయంలో ఈ అయోమయం మరీ ఎక్కువ. అక్కడ పొద్దున వెళ్లినవాళ్లు రెండు వేల పక్షుల్ని చూశామంటారు. అదే రోజు మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు నూట యాభై కూడా కనిపించవు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అలాంటప్పుడు ఆ చోట పక్షులు ఎన్ని ఉన్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు ఆ చోటు ఎలా పనిచేస్తుందో తెలియాలి.

## చిత్తడి నేల అంటే ఎంతవరకు?

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం చిత్తడి నేలకు చాలా విశాలమైన నిర్వచనం ఇచ్చింది. సహజమైనదైనా మనిషి చేసినదైనా, నీరు ఏడాది పొడవునా ఉన్నా కొన్ని నెలలే ఉన్నా, మంచినీరైనా ఉప్పునీరైనా అది చిత్తడి నేలే. సముద్రంలో కూడా పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, ఆరు మీటర్ల లోతు మించని భాగం దీని కిందికే వస్తుంది. అంటే మడ అడవి, ఉప్పుటేరు, బురద పర్ర, ఉప్పు మడి అన్నీ చిత్తడి నేలలే.

తీరాన పక్షుల కోసం కాపాడే చిన్న చోటు, అంటే రిజర్వ్, చాలాచోట్ల ఇలా ఉంటుంది. కట్ట లోపల ఒకటి రెండు మడుగులు, మధ్యలో చిన్న దిబ్బలు, కట్ట బయట సముద్రం వైపు బురద మైదానం. రక్షణ సరిహద్దు చాలాసార్లు కట్ట లోపలి మడుగుల చుట్టూనే ఉంటుంది. పక్షులు తినేది మాత్రం ఎక్కువగా బయటి బురదలో. మొత్తం తికమకకు మూలం ఇక్కడే ఉంది. మనం లెక్కపెట్టేది ఒక చోట, వాటి బతుకుతెరువు ఇంకో చోట.

ఇక్కడ మాట్లాడేది ముఖ్యంగా వేడర్స్ అనే పక్షుల గురించి. ఉల్లంకులు, కర్లూలు, గాడ్‌విట్‌లు, ప్లోవర్లు వంటివి ఈ గుంపులోకి వస్తాయి. ఇవి లోతులేని నీటిలో, బురదలో నడుస్తూ పురుగుల్ని, నత్తల్ని, చిన్న ఆల్చిప్పల్ని, పీతల్ని తింటాయి. వీటిలో చాలావాటికి నీటిమీద బాతులా తేలుతూ గడిపే అలవాటు లేదు. అందుకే కాళ్లు మునిగేంత నీరు వస్తే లేచి వేరే చోటు వెతుక్కోవలసిందే.

## ఇక్కడ గడియారం సముద్రానిది

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పాటు వేళ బురద బయటపడితే వేడర్స్ కిలోమీటర్ల మేర చెల్లాచెదురై మేస్తాయి. పోటు వచ్చి బురదను కప్పేస్తే అవన్నీ ఒక్కచోటికి చేరి, మళ్లీ నీరు తీసేదాకా నిలబడి విశ్రాంతి తీసుకుంటాయి. ఆ చోటును రూస్ట్ అంటారు. కట్ట లోపలి మడుగులో ఉన్న దిబ్బ చాలాసార్లు అలాంటి రూస్టే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకరు ప్రతి ఆదివారం ఉదయం 7 గంటలకు ఒకే రిజర్వ్‌కు వెళ్తున్నారు. మొదటి ఆదివారం సరిగ్గా 7 గంటలకే నిండు పోటు. రూస్ట్ మీద 2,000 పక్షులు. వారం తిరిగేసరికి పోటు 350 నిమిషాలు, అంటే 5 గంటల 50 నిమిషాలు ఆలస్యమై, మధ్యాహ్నం 12:50కి చేరింది. దానికి ముందు వచ్చే పాటు ఉదయం 6:40 ప్రాంతంలో. ఈసారి 7 గంటలకు వెళ్తే బురదంతా బయటపడి ఉంటుంది, మడుగు దాదాపు ఖాళీ. మూడో ఆదివారానికి పోటు మళ్లీ ఉదయం 6:15 దగ్గరికి వస్తుంది, పక్షులూ తిరిగి వస్తాయి. పక్షుల సంఖ్యలో ఏ మార్పూ లేకుండానే గ్రాఫ్ వారం వారం కిందికీ పైకీ ఊగుతుంది.

ఇది కనీసం కంటికి కనిపించే ఊగిసలాట. దీనికన్నా మోసం చేసే సంగతి ఇంకొకటి ఉంది. అదే మనిషి వారానికోసారి కాకుండా నాలుగు వారాలకోసారి, అదే ఆదివారం, అదే 7 గంటలకు లెక్కపెట్టాడనుకోండి. 28 రోజుల్లో పోట్లు 54 చక్రాలు పూర్తిచేసి ఇంకా గంటంబావుకు పైగా మిగులుతుంది. అంటే ప్రతి లెక్కకూ నిండు పోటు అంతకుముందుకన్నా గంటంబావు ముందే అయిపోతుంది. మొదటి లెక్క నిండు పోటు మీద పడితే, రెండోది నీరు తీయడం మొదలైనప్పుడు, మూడోది ఇంకొంచెం తీశాక, ఆరో లెక్క పూర్తి పాటు మీద పడుతుంది. రాసుకున్న అంకెలు నెల నెలా తగ్గుతూ పోతాయి. ఎంతో క్రమశిక్షణతో, ఒకే వేళకు, ఒకే చోట నిలబడి తీసిన ఈ లెక్క చూసి ఎవరైనా ఆ చోటు నాశనమైపోతోందనే అనుకుంటారు. అందుకే తీరంలో లెక్కపెట్టేవాళ్లు గడియారపు వేళ కన్నా పోటు వేళను పట్టుకుంటారు.

పోట్ల ఎత్తు కూడా ఒకేలా ఉండదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుకు వస్తుంది. సప్తమి, అష్టమి రోజుల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. తక్కువ పోటు నాడు బురద పూర్తిగా మునగదు కాబట్టి పక్షులు అక్కడే ఓ మూల సర్దుకుంటాయి, రిజర్వ్‌కు రావలసిన పనే ఉండదు. పెద్ద పోటు నాడు మామూలు రూస్ట్‌లు కూడా మునిగిపోయి, చుట్టుపక్కల పక్షులన్నీ కట్ట లోపలికే వస్తాయి. అంటే ఒక రిజర్వ్‌లో గరిష్ఠ సంఖ్య కనిపించేది దాని సొంత గొప్పతనం వల్లనే కాదు, ఆ రోజు మిగతా చోట్లన్నీ మునిగిపోవడం వల్ల కూడా.

ఆటుపోట్ల తేడా చాలా తక్కువగా ఉండే తీరాలు, లాగూన్లు కూడా ఉన్నాయి. అక్కడ నీటిమట్టాన్ని మార్చే పాత్ర గాలిదీ వర్షానిదీ.

## ముక్కు పొడవు, నీటి లోతు

ఒకే బురదలో ఇన్ని రకాలు ఎలా సర్దుకుంటాయంటే తిండి వేరు, దాన్ని వెతికే పద్ధతి వేరు. ప్లోవర్లు కళ్లతో వేటాడతాయి. కాస్త పరుగెత్తి ఆగి, చూసి, టక్కున పొడుస్తాయి. ఉల్లంకుల జాతివి ముక్కు కొనలోని స్పర్శతో వెతుకుతాయి. రెడ్ నాట్ అనే పక్షి తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు పుట్టే నీటి ఒత్తిడిలో తేడాను బట్టి లోపల ఆల్చిప్ప ఉందో లేదో పసిగడుతుంది. కర్లూ తన పొడవైన వంకర ముక్కుతో లోతు బొరియల్లోని పురుగుల్ని, పీతల్ని లాగుతుంది.

లెక్కకు సంబంధించి ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. మడుగులో నీరు కొన్ని సెంటీమీటర్లు పెరిగినా చిన్న కాళ్ల ఉల్లంకులు వెళ్లిపోతాయి. పొడవు కాళ్ల స్టిల్ట్‌లు, కొంగలు ఉండిపోతాయి. ఇంకా పెరిగితే బాతులు వస్తాయి.

## రెండు వేలని ఎలా చెప్పారు?

గుంపు చిన్నదైతే ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పెద్దదైతే ముందు ఓ మూల 20 పక్షుల్ని జాగ్రత్తగా లెక్కపెట్టి, అవి ఎంత మేర నిలబడ్డాయో కంట్లో పెట్టుకుంటారు. అలాంటి ముక్కలు గుంపంతా ఎన్ని పడతాయో చూస్తారు. 35 ముక్కలు పడితే 700. కానీ గుంపు అంచున పక్షులు పల్చగా, నడుమ ఒత్తుగా ఉంటాయి. అంచున తీసుకున్న ముక్కతో కొలిస్తే లెక్క తగ్గుతుంది. వెనక వరస ముందు వరస చాటున దాగుతుంది. పెద్ద గుంపుల్ని కంటితో అంచనా వేసేటప్పుడు మనుషులు ఎక్కువగా తప్పేది తక్కువ వైపుకే.

రకాల విషయం ఇంకా చిక్కు. 700 పక్షుల గుంపులో టెలిస్కోప్‌తో 100 పక్షుల్ని గుర్తుపడితే వాటిలో 70 ఒకే జాతివనుకుందాం. గుంపు మొత్తంలో ఆ జాతివి 490 అని రాస్తారు. జాతులు సమంగా కలిసిపోయి నిలబడితే ఇది సరిపోతుంది. వాస్తవంలో ఒకే జాతివి ఒకే పక్కకి చేరతాయి కాబట్టి ఏ పక్క చూశారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఇదంతా ఈ లెక్కలు పనికిరావని చెప్పడానికి కాదు. ఒకరు 600, ఇంకొకరు 800 చెప్పగల చోట ఈ ఏడాది 700, నిరుడు 770 అంటే అది వార్త కాదు. నిరుడు 2,000 ఉండి, ఈ ఏడాది అదే పోటు ఎత్తులో, అదే చోటి నుంచి చూస్తే 300 ఉంటే అది ఆలోచించవలసిన సంగతి. ఒక్క ఏడాది కాకుండా ఐదారేళ్ల వరస ఉంటే ఇంకా నమ్మకం. చూసిన పక్షుల జాబితాల్ని ఎవరైనా నమోదు చేయగల, 2002లో మొదలైన ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ వేదికల్లో కూడా అందుకే చూసిన సమయం, నడిచిన దూరం అడుగుతారు. గుర్తుపట్టిన జాతులన్నీ రాశారా, నచ్చినవే రాశారా అని కూడా అడుగుతారు. అన్నీ రాసిన జాబితాలో ఒక జాతి లేకపోతే అది కనబడలేదని అర్థం. నచ్చినవే రాసిన జాబితాలో లేకపోతే దానికి ఏ అర్థమూ లేదు.

## ఒక్క రోజు గరిష్ఠం, నెల మొత్తం వచ్చిపోయినవి

వలస కాలంలో ఇంకో పొర చేరుతుంది. బస్టాండ్‌లో ఎప్పుడు చూసినా నాలుగు వందల మందే ఉన్నారంటే ఆ రోజు ప్రయాణించింది నాలుగు వందల మందే అని ఎవరూ అనుకోరు. పక్షుల దగ్గర మాత్రం మనం సరిగ్గా అలాగే అనుకుంటాం.

30 రోజుల పాటు ఒక చోట ఒకే జాతివి రోజూ సుమారు 400 పక్షులు కనిపించాయనుకుందాం. ఒక్కో పక్షి సగటున 5 రోజులు ఆగి, కొవ్వు కూడగట్టుకుని వెళ్లిపోతోంది. 400ను 30తో గుణిస్తే 12,000 పక్షి రోజులు. దాన్ని 5తో భాగిస్తే 2,400. అంటే ఆ నెలలో ఆ చోటును వాడుకున్నవి రెండు వేల నాలుగు వందల పక్షులు. కాళ్లకు రంగు పట్టీలు వేసి, ఏ పక్షి ఎన్ని రోజులు ఆగిందో చూస్తేనే ఆ సగటు తెలుస్తుంది.

ఈ తేడాకు చట్టపరమైన బరువు కూడా ఉంది. రామ్‌సర్ ఒప్పందం కింద ఒక చిత్తడి నేలకు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉందని చెప్పడానికి ఉన్న కొలమానాల్లో రెండు నీటి పక్షుల సంఖ్యకు సంబంధించినవి. క్రమం తప్పకుండా 20,000 నీటి పక్షులు ఉండాలి, లేదా ఏదైనా ఒక జాతి లేదా ఉపజాతి జనాభాలో 1 శాతం ఉండాలి. మొదటిది చిన్న రిజర్వ్‌కు అందేది కాదు. రెండోది అందొచ్చు. ఒక జనాభాలో లక్ష పక్షులుంటే 1 శాతం వెయ్యి. పై ఉదాహరణలో ఒక్క రోజు గరిష్ఠం 400 కాబట్టి ఆ చోటు తప్పినట్టు. వచ్చిపోయినవన్నీ కలిపితే 2,400 కాబట్టి నెగ్గినట్టు. ఇలా వచ్చిపోయేవాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలని రామ్‌సర్ మార్గదర్శకాలే చెబుతాయి. ఆచరణలో ఆ అంచనాకు కావలసిన పట్టీల పని చాలాచోట్ల జరగదు, దాంతో చిన్న చోట్లు కాగితం మీద మరింత చిన్నవిగా మిగిలిపోతాయి. నా దృష్టిలో ఈ లెక్కల గందరగోళంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే.

## తగ్గినప్పుడు కారణం ఎక్కడ వెతకాలి?

పోటు, పద్ధతి అన్నీ సరిగ్గా ఉండి, సంఖ్య నిజంగానే తగ్గిందనుకుందాం. అప్పుడు కూడా కారణం ఆ చోటే కానక్కర్లేదు. లోపలి ప్రాంతాల్లో వర్షాలు బాగా పడి చెరువులు, కుంటలు నిండితే బాతులు తీరానికి రాకుండా అక్కడే చెదిరిపోతాయి. ఆర్కిటిక్‌లో లెమ్మింగ్‌లనే చిన్న ఎలుకలాంటి జంతువులు తగ్గిన ఏడాది, వాటిని తినే నక్కలు వేడర్స్ గుడ్ల మీద, పిల్లల మీద పడతాయి. ఆ శీతాకాలం గుంపుల్లో పిల్ల పక్షులు తక్కువగా కనిపిస్తాయి. పక్కనే కొత్త రూస్ట్ దొరికి అక్కడికి మారిపోయి ఉండొచ్చు కూడా.

కారణం వేల కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. బార్-టెయిల్డ్ గాడ్‌విట్ జాతికి చెందిన ఒక పక్షి 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియా దాకా ఎక్కడా దిగకుండా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎగిరింది. శాటిలైట్ ట్యాగ్ వల్ల ఈ సంగతి తెలిసింది. ఆ పక్షి వయసు అప్పటికి ఐదు నెలలే. అదే జాతి వసంతంలో ఉత్తరానికి తిరిగి వెళ్లేటప్పుడు చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు (ఎల్లో సీ) బురద మైదానాల్లో ఆగి తిని బలం పుంజుకుంటుంది. ఇలాంటి వలస దారుల్ని ఫ్లైవే అంటారు. దారిలో ఒక మజిలీ పోతే దాని ఫలితం రెండు చివర్లలో కనిపిస్తుంది.

దక్షిణ కొరియాలోని సెమాంగుమ్‌లో జరిగింది దీనికి స్పష్టమైన ఉదాహరణ. 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి 2006లో రెండు నదీముఖాల్ని మూసేశారు. అక్కడి బురదలో ఆగే గ్రేట్ నాట్ అనే పక్షులు వేరే చోటికి సర్దుకుంటాయని ఒక వాదన. అలా కుదరదని, పక్క మైదానాల్లో అప్పటికే వేరే పక్షులు నిండి ఉన్నాయని ఇంకో వాదన. 2006 నుంచి 2008 దాకా సెమాంగుమ్‌లోనూ పొరుగున ఉన్న నదీముఖాల్లోనూ వరసగా లెక్కపెట్టారు. సెమాంగుమ్‌లో తగ్గినన్ని పక్కచోట్ల పెరగలేదు. శీతాకాలం గడిపే వాయవ్య ఆస్ట్రేలియాలో కూడా గ్రేట్ నాట్‌లు తగ్గాయి. 2015లో ఈ జాతిని ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ అంతరించే ప్రమాదమున్న (ఎన్‌డేంజర్డ్) వర్గంలోకి చేర్చింది. ఇది తేలింది ఒక్కచోటి అంకెతో కాదు. దూరదూరంగా ఉన్న చాలా చోట్ల, చాలా ఏళ్లు తీసిన లెక్కల్ని పక్కపక్కన పెట్టాక తేలింది. ఒక్క చిన్న రిజర్వ్ అంకె విడిగా పెద్దగా ఏమీ చెప్పలేకపోయినా, ఇలాంటి వరసలో అది లేకపోతే వరసే తెగిపోతుంది.

## చూడటానికి వచ్చిన మనుషుల సంగతి

మనిషి దగ్గరికి వస్తుంటే పక్షి ఎంత దూరంలో ఉండగా ఎగిరిపోతుందో ఆ దూరం జాతిని బట్టి మారుతుంది. పెద్ద పక్షులు సాధారణంగా ముందే లేస్తాయి. వేట జరిగే చోట ఇంకా ముందు. గుంపులో అన్నిటికన్నా బెదురు ఎక్కువున్నది లేస్తే మిగతావీ లేస్తాయి. కాబట్టి ఉల్లంకి 30 మీటర్ల దాకా ఓర్చుకున్నా, పక్కన కర్లూ ఉంటే ఆ ఓర్పు లెక్కలోకి రాదు. సముద్రాలు దాటి వచ్చిన పక్షికి ప్రతి ఎగురూ ఖర్చే. పోటు వేళ అయితే దానికి దిగడానికి వేరే చోటు కూడా ఉండదు.

అందుకే ఇలాంటి చోట్లకు జనాన్ని రానివ్వకూడదని కొందరంటారు. చిన్న రిజర్వ్‌లో ఎక్కడ నిలబడ్డా పక్షులకు దగ్గరే కాబట్టి ఈ వాదనకు బలముంది. జనం చూడని చోటుకు అండ ఉండదని ఇంకొందరంటారు. కట్టడాల కోసం, రోడ్ల కోసం ఆ నేలను అడిగినప్పుడు అడ్డం నిలబడేది అక్కడ పక్షుల్ని చూసి ఇష్టపడ్డవాళ్లే అని, లెక్కలు తీసే వాలంటీర్లు కూడా అలాగే తయారవుతారని వాళ్ల మాట. అది కూడా నిజమే. మధ్యేమార్గంగా చాలాచోట్ల హైడ్‌లు కట్టారు. లోపల కూర్చుని సన్నని కిటికీల్లోంచి చూసే గది ఇది. అయితే హైడ్ చాటుగా ఉంటే చాలదు, అక్కడికి నడిచే దారి కూడా చాటుగా ఉండాలి. దారి బయటికి కనిపిస్తే, మనం కిటికీ తెరిచేసరికి పక్షులు ఉండవు.

అరుదైన పక్షి కనిపించిన చోటును వెంటనే అందరికీ చెప్పడం మీద కూడా ఇలాంటి తగాదానే నడుస్తుంది. వేట, దొంగతనం ముప్పు ఉన్న కొన్ని జాతుల చోటును ఈబర్డ్ బయటికి చూపించదు. మిగతా జాతుల విషయంలో నిర్ణయం చూసినవాళ్లదే. గూడు పెట్టిన పక్షికీ, దారిన పోతూ రెండు రోజులు ఆగిన పక్షికీ ఒకే సూత్రం వర్తించదని నాకనిపిస్తుంది.

## తూము ఎవరి చేతిలో ఉంది?

కట్ట లోపలి మడుగులో ఎంత నీరుండాలో నిర్ణయించేది చాలాచోట్ల తూము తలుపు తిప్పే మనిషి. ఇంగ్లండ్‌లోని మిన్స్‌మియర్‌లో రెండో ప్రపంచ యుద్ధకాలంలో శత్రువు దిగకుండా పొలాల్ని నీటితో ముంచారు. అక్కడ 1947లో అవోసెట్ అనే పక్షి గూళ్లు పెట్టింది. అంతకుముందు దాదాపు వందేళ్లుగా అది బ్రిటన్‌లో క్రమంగా గూడు పెట్టే పక్షి కాదు. 1960ల్లో అక్కడే వేడర్స్ కోసం లోతులేని మడుగుల్ని, దిబ్బల్ని తవ్వి తయారుచేశారు. హాంకాంగ్‌లోని మై పో అనే చోట పాత రొయ్యల మడుగుల్ని శీతాకాలంలో ఒక్కొక్కటిగా వంతులవారీగా ఖాళీ చేస్తారు. మిగిలిన చేపలు, రొయ్యలు పక్షులకు తిండి అవుతాయి.

ఇలా చేతితో నడిపే చోటును ప్రకృతి అనలేమని కొందరి అభ్యంతరం. సహజమైన మైదానాలు చుట్టూ పోయాక మిగిలిన చిన్న ముక్కను ఇలా నడపకపోతే అది రెల్లు పట్టి మూసుకుపోతుందని నడిపేవాళ్ల జవాబు. సముద్ర మట్టం పెరగడంతో ఈ వాదన మరింత బరువెక్కింది. బురద మైదానం మామూలుగా భూమి వైపుకు జరుగుతుంది, కానీ వెనక కట్ట ఉంటే జరగలేదు. సముద్రానికీ కట్టకూ మధ్య నలిగి సన్నబడిపోతుంది. దక్షిణ ఇంగ్లండ్‌లోని మెడ్‌మెరీలో 2013లో పాత సముద్రపు కట్టను కావాలనే తెగగొట్టారు. ముందుగానే లోపలి వైపు కొత్త కట్ట కట్టుకుని, మధ్య నేలను పోటుకు వదిలేశారు. అలా చేస్తే కొత్త బురద వస్తుంది, కట్ట లోపల ఉన్న పొలాలు, మంచినీటి మడుగులు పోతాయి. మంచినీటి పక్షులూ ఉప్పునీటి పక్షులూ ఒకే ముక్కలో నెగ్గే అవకాశం తక్కువ.

కాబట్టి మడుగులో బాతులు తగ్గి ఉల్లంకులు పెరిగాయన్న వార్త వెనుక తూము తెరిచిన నిర్ణయం ఉండొచ్చు. పక్షుల లెక్కతో పాటు ఆ రోజు పోటు వేళ, మడుగు నీటిమట్టం కూడా రాసిపెట్టిన చోట్ల ఆ సంగతి పదేళ్ల తర్వాతైనా తేల్చుకోవచ్చు. పక్షుల అంకె ఒక్కటే రాసిన చోట తేల్చుకునే దారి లేదు.